సిద్ధుల ప్రశ్న – తల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

చేయి చాపక, కఱ్ఱ యూత గొనక, కేవలము మనస్సంకల్పముచేత మానవుడు ఎదుటనున్న వస్తువును కదల్పగలడా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. అణిమ, మహిమ, లఘిమ, గరిమ మొదలుగా గల అష్టసిద్ధుల పేర్లు వినని వైష్ణవ గృహమెచ్చట నున్నది? జి. కొండూరు, మైలవరము, నూజివీడు ప్రాంతములనుండి ఆగిరిపల్లి శోభనాచలమునకో, ద్వారకా తిరుమలకో కుటుంబ సమేతముగా బయలుదేరు యాత్రికుల మాటలలో ఏదో యొక సందర్భమున ఈ ప్రస్తావము రాక మానదు. ఒక స్వామి చూపుతోనే చెంచాను వంచెనని యొకరు చెప్పుదురు. ఒక బాబా తలుపు ముట్టకయే గడియ తీసెనని మఱియొకరు చెప్పుదురు. వినువారిలో కొందఱు చేతులు జోడింతురు, కొందఱు నవ్వుదురు. చేతులు జోడించినవారిలో ఒకరి యింట జబ్బుపడిన బిడ్డ యుండవచ్చును. ఆ బిడ్డను వైద్యునివద్దకు తీసికొనిపోవుటయా, ఆ బాబావద్దకు తీసికొనిపోవుటయా యను నిర్ణయము ఈ ప్రశ్నకు ఆ యింటివారు చెప్పుకొను సమాధానమును బట్టి యుండును. కనుక దీనిని తీరికవేళ ముచ్చటగా త్రోసివేయుటకు వీలులేదు.

మామిడి పండు సీమవారికి గారడీవాని మామిడి విద్య సంగతి చెప్పనక్కఱలేదు. మన దేశమున అది మిక్కిలి పాతది. పరదేశములనుండి వచ్చిన యాత్రికులు సైతము దానిని చూచి విస్తుపోయి తమ గ్రంథములలో వ్రాసికొనిరి. గారడీవాడు నేలపై పిడికెడు మట్టి పోసి, టెంక పాతి, గుడ్డ కప్పును. గుడ్డ తీయగా మొలక యుండును. మరల కప్పి తీయగా మొక్క యుండును. మూడవసారి ఆకుల నడుమ కాయయే వ్రేలాడును. అంటుమొక్క కాపునకు వచ్చుటకే మూడు నాలుగేండ్లు పట్టుననియు, టెంకనుండి లేచిన చెట్టునకు అంతకంటె ఎంతో ఎక్కువ కాలము కావలెననియు ఎఱిగిన రైతు ఆ వినోదమును చూచి, సంతసించి, నాణెము వేసి, తోటకు పోవును. గారడీవాడును అంతకంటె కోరడు. అతని సంచిలో వేర్వేఱు ఎత్తుల మొక్కలున్నవని చూచువారికిని ఇంచుమించుగా తెలియును. ఇందు ఎవరికిని కీడు లేదు. ఆ హస్తలాఘవమే ఆధ్యాత్మిక విద్యయను పేరు పెట్టుకొని, శిష్యులను చేర్చుకొని, పరమార్థమునకు ప్రమాణముగా నిలిచినప్పుడు చిక్కు పుట్టును.

అట్టి చిక్కు పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున చెన్నపట్టణమున పెద్దయెత్తున వచ్చినది. దాని నడుమ చిక్కుకొనియు దానిచే పడిపోక నిలిచిన తెలుగువాడు తల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన వకీలు, వేదాంతి, సిద్ధులు కలవని నమ్మినవాడు. నమ్మియు వానిని ప్రదర్శనకు పెట్టరాదని పట్టుబట్టినవాడు. ఆయన జీవితము పొడవైనది కాదు. అయినను మన ప్రశ్నకు సంబంధించినంతవఱకు ఆ కొలదికాలమే చాలినంత చెప్పుచున్నది.

సుబ్బారావుగారు 1856వ సంవత్సరము జూలై 6వ తేదీన గోదావరి మండలమునందలి కాకినాడకు చెందిన నియోగి కుటుంబమున జన్మించిరి. ఆఱు మాసముల పసివాడుగా నుండగనే తండ్రి గతించెను. పిఠాపురము సంస్థానమున దివానుగా నుండిన మేనమామ ఆయనను పెంచిరి. కాకినాడ హిందూ పాఠశాలలో చదివి 1872లో మెట్రిక్యులేషన్ పరీక్ష నిచ్చి, చెన్నపట్టణమునందలి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1876లో బి.ఏ. పరీక్షయందు ప్రథములుగా ఉత్తీర్ణులైరి. బరోడా దివానుగా నుండిన సర్ టి. మాధవరావుగారు ఈ యువకుని ప్రతిభ విని అక్కడి హైకోర్టున రిజిస్ట్రారు పదవికి పిలిపించుకొనిరి. అచ్చట ఒక యేడాది పనిచేసి, మరల చెన్నపట్టణమునకు వచ్చి బి.ఎల్. ముగించి, హైకోర్టు వకీలుగా పేరు నమోదు చేయించుకొనిరి. వృత్తి బాగుగా సాగెను. ఆయన దానిపై మఱికొంత మనసు పెట్టియున్నచో ఇంకను ఎక్కువ ఆర్జించెడివారని ఎఱిగినవారు చెప్పుకొనిరి.

ఇంతవఱకు ఇది ఆనాటి తెలుగు మేధావులలో పలువురి కథవంటిదే. బాల్యమున గాని కళాశాలలో గాని ఆయన యోగ విషయములను ప్రస్తావించినట్లు ఇంటివారికి జ్ఞాపకము లేదు. 1881లో ‘థియోసాఫిస్టు’ మాసపత్రికలో ద్వాదశ రాశులనుగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము వెలువడుటతో కథ మలుపు తిరిగినది. ఆ పత్రికను నడపుచుండినది రష్యా దేశపు స్త్రీ, హెలీనా బ్లావట్స్కీ. ఆమెయు, అమెరికావాడైన కర్నల్ ఆల్కాటును కలిసి 1875లో న్యూయార్కున దివ్యజ్ఞాన సమాజమును స్థాపించి, 1879లో బొంబాయికి వచ్చి, భారతీయుల ప్రాచీన విద్యలే లోకమునకు వెలుగని చాటుచుండిరి. ఆంగ్లేయుల పాఠశాలలలో చదివి, తమ తాతల విద్యను గూర్చి చిన్నచూపు నేర్చుకొనుచుండిన ఆ తరమువారికి ఈ మాట ఎంత చల్లగా తోచినదో మనమూహింపవచ్చును. పాశ్చాత్యులే వచ్చి గీతను, ఉపనిషత్తులను పొగడుచున్నారు! నాటి విద్యావంతులు ఆ సమాజమున చేరుటకు ఇది ముఖ్య కారణము. కుతూహలము గొలిపిన అద్భుతములు తరువాతి మాట.

1882 ఏప్రిల్ మాసమున ఆ యిరువురు చెన్నపట్టణమునకు రాగా సుబ్బారావుగారు సమాజమున చేరిరి. వారికి అడయారు నది యొడ్డున తోట కొని స్థిరనివాసము ఏర్పఱచుటలో ఆయన సాయము కలదు. ఆ యేడాది డిసెంబరున సమాజపు కేంద్రము అడయారునకు మాఱినది. అప్పటినుండి సుబ్బారావుగారిలో వచ్చిన మార్పును ఆల్కాటు తన రచనలలో ఆశ్చర్యముతో నమోదు చేసెను. గీత, ఉపనిషత్తులు, సాంఖ్యము, యోగము – ఏ విషయమెత్తినను మూతపడియున్న కోశాగారము తెఱవబడినట్లు మాటలు వెలువడుచుండెనట. తల్లి అడిగినను ఆ విద్య యెక్కడిదో ఆయన చెప్పలేదు. చెప్పుటకు తనకు అనుజ్ఞ లేదను భావముతో మౌనము వహించుచుండిరి. ఈ మౌనమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక; ఆయన జీవితమంతటను ఇదే మౌనము వేర్వేఱు రూపముల కనబడును. ఆ యేడే సిన్నెట్టు, హ్యూము అను ఇరువురు ఆంగ్లేయులు రహస్య విద్యను తమకు నేర్పుమని కోరినప్పుడు ఆయన నియమములు పెట్టి వెనుదీసిరి. (ఈ హ్యూమే తరువాత 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు ముందు నిలిచినవాడు.)

ఇక అద్భుతముల సంగతి. అడయారు భవనమున మేడపై ఒక గది కలదు. ఆ గది గోడకు వ్రేలాడదీసిన కొయ్య మందసమొకటి యుండెను. దానిని ఆ సమాజమువారు పవిత్ర స్థానముగా భావించుచుండిరి. హిమాలయములకు ఆవల నున్న మహాత్ములకు వ్రాసిన ఉత్తరమును అందులో నుంచి తలుపు మూసి తెఱచినచో ఉత్తరము మాయమగుట, బదులుగా జాబు దొరకుట పలువురు చూచిరి. 1883 ఆగస్టులో జనరల్ మోర్గన్ అను విశ్రాంత సేనాని ఆ మందసమును చూడ వచ్చెను. బ్లావట్స్కీ అప్పుడు నీలగిరులపై నుండెను. ఇంటి నిర్వహణ చూచు ఎమ్మా కూలోంబు మందసపు తలుపు తెఱువగా దానికి ఆనించియుండిన పింగాణి పళ్ళెము క్రిందపడి ముక్కలైనది. ముక్కలను ఏఱి, గుడ్డలో చుట్టి, మందసమున నుంచి, తలుపు మూసిరి. కొన్ని నిముషములకు తెఱచి చూడగా ముక్కల స్థానమున పగుళ్ళు లేని పళ్ళెమున్నది; దానితో నొక జాబును ఉన్నది. సేనాని నమ్మెను. యుద్ధములు చూచిన మనుష్యుడు, పెద్ద హోదా కలవాడు నమ్మెనని విని ఇతరులు నమ్మిరి. ఇట్టి విషయములలో సాక్షి హోదాను జూచి సాక్ష్యమును తూచుట మనకు అలవాటు. గారడీవాని యెదుట సేనానియు, బాలుడును సమానులే యని మఱచెదము.

1884 మే మాసమున కూలోంబు దంపతులను సమాజమునుండి వెళ్ళగొట్టిరి. భార్యవలె భర్తయు ఆ యింటి పనులలోనే యుండెను; వడ్రంగపు పని అతనిదే. సెప్టెంబరున ‘మద్రాసు క్రిస్టియన్ కాలేజి మాగజైన్’ బ్లావట్స్కీ ఎమ్మాకు వ్రాసినవని చెప్పబడిన ఉత్తరములను అచ్చువేసెను. అద్భుతములన్నియు ముందుగా అమర్చుకొన్న పన్నాగములే యని వాని సారము. ఆ పత్రిక క్రైస్తవ మిషనరీలది. హిందూ ధర్మమును పొగడు సమాజము కూలుట వారికి సమ్మతమేయని వేఱుగ చెప్పవలెనా? కాని చెప్పువాని ఉద్దేశము మంచిదికాకున్నంత మాత్రమున చెప్పిన మాట అబద్ధము కాదు. అందుచే లండనునందలి మనశ్శాస్త్ర పరిశోధక సంఘమువారు రిచర్డ్ హాడ్‌సన్ అను యువకుని 1884 డిసెంబరున అడయారునకు పంపిరి. అతడు సుమారు మూడు మాసములు విచారణ జరిపెను. అప్పటికే మందసము లేదు. సమాజమువారిలో ఒకడు దానిని కాల్చివేసెను. అయినను మందసమున్న గోడకు ఆవలివైపు బ్లావట్స్కీ శయనగృహమని, నడుమ గోడలో కన్నము చేసి పలకలు జరుపుటకు వీలుగా అమర్చిరని అతడు తేల్చెను. పళ్ళెము సంగతియు వెదకెను. అటువంటి పళ్ళెములు జతగా చెన్నపట్టణమునందలి దుకాణమున కొనబడినట్లు చూపెను. ఒకటి పగిలినది, రెండవది మందసమున దొరకినది.

1885 డిసెంబరున వెలువడిన అతని నివేదిక బ్లావట్స్కీని చరిత్రలో మిక్కిలి నేర్పరులైన మోసగాండ్రలో నొకరిగ నిర్ణయించెను. న్యాయము కొఱకు ఇంకొక మాటయు చెప్పవలెను. నూఱేండ్ల తరువాత, 1986లో, అదే సంఘపు పత్రికలో వెర్నన్ హారిసన్ అను దస్తూరి నిపుణుడు హాడ్‌సన్ విచారణ పక్షపాతముతో కూడినదని, వ్రాతల పరీక్ష సరిగా జరుగలేదని విమర్శించెను. కనుక ఏ ఉత్తరమును ఎవరు వ్రాసిరను వివాదము నేటికిని మూతపడలేదు. దానివలన పగిలిన పళ్ళెము సంకల్పబలముచే అతుకుకొన్నదని మాత్రము ఋజువు కాదు.

ఈ గాలివానలో సుబ్బారావుగారు చేసినదేమి? 1884 డిసెంబరున సమాజపు వార్షిక సభకు బ్లావట్స్కీ ఐరోపానుండి తిరిగివచ్చి, కూలోంబు దంపతులపై న్యాయస్థానమున దావా వేయుదునని పట్టుబట్టెను. విషయమును పరిశీలించుటకు న్యాయాధిపతులు, వకీళ్ళు మొదలగువారితో ఒక సంఘమును ఏర్పఱచిరి. సుబ్బారావుగారును అందొకరు. దావా వేయరాదని ఆ సంఘము తీర్మానించినది. ఆయన అభిప్రాయము స్పష్టము: గురుశిష్యుల నడుమ నుండవలసిన రహస్యములను నలుగురెదుట విప్పి, ఎదుటి పక్షపు న్యాయవాది ప్రశ్నలకు అప్పగించుట అపచారము. ఇందు భక్తి యున్నది. హైకోర్టున దినమును ఎదురు విచారణలు చూచు వకీలు తెలివియు ఉన్నది. ఏది యెంత పాలో వేఱుచేసి చెప్పుట నా తరము కాదు. బ్లావట్స్కీకి ఆ తీర్మానము తీవ్రమైన దెబ్బయైనది. 1885 మార్చి 31వ తేదీన ఓడ యెక్కి చెన్నపట్టణమును విడిచెను. మరల మన దేశమునకు రాలేదు.

ఇచ్చట సుబ్బారావుగారిపట్ల గౌరవముతోనే ఒక మాట అనవలసియున్నది. విద్యను గోప్యముగా నుంచుట మన సంప్రదాయమే. మంత్రమును అర్హత చూచి ఉపదేశించుట శ్రీవైష్ణవులకు తెలియనిదా? తిరుక్కోష్టియూరు గోపురమెక్కి రామానుజాచార్యులవారు మంత్రార్థమును ఎల్లరకు చాటిన కథయు మనకు తెలియును. గోప్యత అవసరమైన చోట మంచిదే. కాని వస్తువు కదలినదా లేదా, పళ్ళెము అతికినదా లేదా యనునది మంత్రార్థము కాదు. కన్నులతో చూచి, చేతులతో తడవి తేల్చవలసిన లౌకిక విషయము. దానికిని గోప్యత ముసుగు వేసినచో ఆ ముసుగు క్రింద ఎవరైనను దూరవచ్చును. సుబ్బారావుగారివంటి నిష్కల్మషుని మౌనము తెలియకయే ఇతరుల పన్నాగమునకు నీడయైనది. ఆయన ఒక్క పైసా ఆశించలేదు. ఒక్క అద్భుతమును చూపి శిష్యులను కూర్చుకొనలేదు. అయినను ఆ మౌనమునకు మూల్యము కలదని చెప్పక తప్పదు.

ఇక శాస్త్రము ఏమనుచున్నది? పతంజలి యోగసూత్రములలో మూడవ పాదమంతయు విభూతులను గూర్చినదే. అచ్చటనే, సిద్ధులు లోకదృష్టికి సిద్ధులు గాని సమాధికి విఘ్నములని మహర్షి హెచ్చరించెను. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధము పదునైదవ అధ్యాయమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు సిద్ధులన్నింటిని వివరించును. వివరించి, తనయందు మనసు నిలిపిన యోగికి అవి కాలమును హరించు అడ్డంకులని చెప్పును. భగవంతుడే వాని పట్టికనంతయు చెప్పి, వెంటనే వానిని ప్రక్కకు నెట్టుట గమనింపదగినది. సిద్ధులు అసలు లేవని మన గ్రంథములు చెప్పలేదు. వానిని చూపి ఇతరులను నమ్మింపుమనియు చెప్పలేదు. గ్రంథమున పేర్కొనబడినది కదాయని నేడు మన యెదుట చేయి త్రిప్పువాని పనికి ఆ గ్రంథమును సాక్ష్యముగ తెచ్చుట యుక్తము కాదు.

లోకమున ఈ ప్రశ్నను పరీక్షింప జూచినవారు లేకపోలేదు. 1853లో ఇంగ్లండున బల్లచుట్టు కూర్చుండి చేతులుంచినచో బల్ల దానంతట అదియే తిరుగునను వేడుక వ్యాపించినది. విద్యుచ్ఛాస్త్రమున మహామేధావియైన మైకేల్ ఫారడే, బల్లకును చేతులకును నడుమ జారు పలకలను, చేతి త్రోపును చూపు సూచికను అమర్చెను. కూర్చున్నవారు తమకు తెలియకయే త్రోయుచున్నారని తేలినది. సూచిక వారి కన్నుల యెదుట నుండగనే బల్ల కదలుట ఆగిపోయినది! వారు మోసగాండ్రు కారు. తమ చేతులే తమను మోసగించినవి. ఈ సంగతి నాకు మందసపు కథకంటె విలువైనదిగా తోచును. ఏలయన నిజాయితీ గల భక్తుడును తాను చూచితినని ప్రమాణము చేయవచ్చును, ఆ చూచినది పొరపాటు కావచ్చును. తరువాతి కాలమున 1973లో చెంచాలు వంచుటలో పేరు పొందిన యూరీ గెల్లర్ అమెరికా టెలివిజనున, ఇతరులు సిద్ధపఱచిన వస్తువులు ఎదుట నుంచగా ఏమియు చేయలేకపోయెను. ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ అట్టి శక్తిని నియమబద్ధమైన పరీక్షలో నిరూపించినవారికి పది లక్షల డాలర్లు ఇత్తుననెను. 2015లో ఆ బహుమానమును ముగించు నాటికి ఎవరును గెలువలేదు. మెదడులో అమర్చిన విద్యుత్ పరికరము ద్వారా, చేతులు చచ్చుబడిన ఒక స్త్రీ యంత్రహస్తమును కదల్చి కాఫీ త్రాగినట్లు 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అచ్చటను సంకల్పమునకు, వస్తువునకు నడుమ తీగ యున్నది, యంత్రమున్నది. తీగ లేక, చేయి లేక, దారము లేక వస్తువు కదలినట్లు పరీక్షకు నిలిచిన నిదర్శనము ఇంతవఱకు ఒక్కటియు లేదు.

సుబ్బారావుగారి కథకు మరల వత్తము. అడయారు పరువు మంట గలిసినది. పలువురు సమాజమును విడిచిరి. మందసమును చూచి వచ్చినవారు మందసముతోనే పోయిరి. ఆ తరుణమున ఆయన భగవద్గీతను చేతబట్టిరి. హాడ్‌సన్ నివేదిక వెలువడిన 1885 డిసెంబరుననే వార్షిక సభలో గీతపై ఉపోద్ఘాతముగా ఒక ప్రసంగము చేసిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరున వరుసగా నాలుగు ప్రసంగములు చేసిరి. అవి 1887లో ‘థియోసాఫిస్టు’ పత్రికలో వెలువడి, 1888లో బొంబాయిలో తుకారాం తాత్యా ప్రచురణగా గ్రంథమైనవి. ఆ ప్రసంగములలో గోడలోనుండి జాబులు రాలవు, వస్తువులు కదలవు. పరబ్రహ్మము, మూలప్రకృతి, ఈశ్వరుడు, దైవీప్రకృతి అను నాలుగింటిని ఆధారముగ గొని గీతార్థమును విచారించుటయే యున్నది. అర్జునుడు నరుడు, శ్రీకృష్ణుడు నారాయణుడు, సర్వ జీవులకు ఆశ్రయమైన ఈశ్వర తత్త్వము. పరబ్రహ్మము మూలప్రకృతి యను తెరచాటున నున్నదని, ఈశ్వరుని దాటి ఒక్క గంతున దానిని పట్టుదుమనుట పొరపాటని, ముక్తి ఆ యీశ్వరునితోడి సాయుజ్యముననే కలదని ఆయన వాదము. ఆయన స్మార్తులు, అద్వైతులు; సగుణ నారాయణునకు పైన వేఱొక నిర్గుణ తత్త్వము నంగీకరించుట శ్రీవైష్ణవులకు సమ్మతము కాదు. అయినను పార్థసారథిని కాదని పరమును చేరు అడ్డదారి లేదని ఆ అద్వైతి నొక్కి చెప్పిన మాట మన గృహములందు చదువదగినదే.

గీత పదునెనిమిది అధ్యాయములు చదివినవారికి ఇంకొకటి తోచును. శ్రీకృష్ణుడు అర్జునునకు విశ్వరూపమును చూపెను, దివ్యచక్షువు నిచ్చెను. గాండీవమును చేత పట్టక శత్రువును కూల్చు విద్యను మాత్రము నేర్పలేదు. యుద్ధమున అల్లెత్రాడు లాగినది అర్జునుని చేయి. పగ్గములు పట్టినది స్వామి చేయి. సుబ్బారావుగారు నివసించిన చెన్నపట్టణముననే తిరువల్లిక్కేణి పార్థసారథి సన్నిధి కలదు. అచ్చటి ఉత్సవమూర్తి ముఖముపై భీష్ముని బాణముల గాయపు మచ్చలను యాత్రికులు దర్శింతురు. సర్వేశ్వరుడు, సంకల్పమాత్రమున సృష్టిస్థితిలయములు చేయువాడు, ఆ బాణములను గాలిలోనే మరల్పక ముఖమున భరించెను. సేవించువారికి ఆ మచ్చలే సౌందర్యము.

తరువాతి సంగతులు త్వరగా చెప్పవచ్చును. ఐరోపాలో బ్లావట్స్కీ ‘సీక్రెట్ డాక్ట్రిన్’ అను మహాగ్రంథమును రచించుచు, 1886లో దాని వ్రాతప్రతిని సుబ్బారావుగారికి పంపి సరిదిద్దుమనెను. తప్పులు మిక్కుటముగా నున్నవని, సరిదిద్దుటయన్నచో మరల వ్రాయుటయే యని ఆయన నిరాకరించిరి. మానవుని తత్త్వములు ఏడా, నాలుగా యను విషయమున 1887లో ఇరువురకు పత్రికాముఖముననే వాదము జరిగెను. పాశ్చాత్యులకు సులభమైన ఏడు విభాగములకంటె తారక రాజయోగమునందలి నాలుగు విభాగములే శ్రేష్ఠమని ఆయన నిలిచిరి. 1888లో సమాజ సభ్యత్వమును వదలుకొనిరి. ఆల్కాటుతోడి స్నేహము మాత్రము చెడలేదు.

1890 వేసవిలో వింతయైన చర్మవ్యాధి ఆయనను పట్టుకొన్నది. ఒళ్ళంతయు పొక్కులు, కురుపులు లేచి, కూర్చుండుటకును, పరుండుటకును వీలులేక పోయినది. జూన్ మొదటి వారమున ఆల్కాటు వారి యింటికి వెళ్ళి చూచి, తనకు పట్టుబడిన హస్తస్పర్శ చికిత్సను ప్రయోగించెను. ఆల్కాటు ఆ చికిత్సకు దేశమంతట పేరు మోసినవాడు. కొంత ఊరట తోచినట్లుండెనే గాని వ్యాధి తగ్గలేదు. సిద్ధులున్నవని నమ్మిన ఆ మహాశయుడు తన దేహముకొఱకు ఏ సిద్ధినిగాని యాచించినట్లు ఎవరును వ్రాయలేదు. తన గురువు తనను పిలుచుచున్నాడని, ఇక కాలము సమీపించినదని, అడ్డుపెట్టవద్దని జూన్ 24వ తేదీన ఇంటివారితో చెప్పిరి. ఆ రాత్రి పది గంటల వేళ ప్రాణము పోయినది. మఱునాటి ఉదయము దహనము జరిగినది. ఆయనకు 34 ఏండ్లు నిండుటకు ఇంకను 12 దినములు కలవు.